బళ్లారి పెద్దమ్మ

నీళ్ల ట్యాంకరు, బళ్లారి పెద్దమ్మ ఒకేసారి వీధిలోకి వచ్చారు.

ట్యాంకరు కోసం పెద్దారవీడు పక్కనున్న ఆ పల్లె ఆడవాళ్లంతా బిందెలతో నిలబడి ఉన్నారు. పెద్దమ్మ మాత్రం ఎవరూ పిలవకుండానే ఆటో దిగింది.

"ఏదీ ఆ దొంగది? చెప్పకుండా పారిపోయొస్తాదా?"

"ఎవురమ్మా నువ్వు?" అంది తులసమ్మ. ఆమెకు వీధి మొదట్లో దుకాణం. ఉప్పూ పప్పుతోపాటు ఊరి సంగతులూ పొట్లం కట్టి ఇచ్చేది. సంగతులకు తూకం ఉండేది కాదు.

"సుబ్బులమ్మకు పెదనాయన కూతుర్ని. బళ్లారి మాది. దాని కూతురు విశాలాక్షిని రెండేళ్లు సాకినా. అంట్లు అట్లనే వదిలేసి బస్సెక్కొచ్చింది!"

బిందెలు నింపడం మాని అందరూ ఇటు తిరిగారు.

పద్నాలుగేళ్లప్పుడు కనబడకుండా పోయిన విశాలాక్షి ఈమధ్యే ఇల్లు చేరింది. బళ్లారిలో తన అక్క దగ్గర ఉండి చదువుకుందని తల్లి సుబ్బులమ్మ చెప్పింది. ఎవరూ నమ్మలేదు. పనిప్పిస్తామని పూనాకు తీసుకుపోయి ఎవరో అమ్మేశారని వీధంతా పాకింది. అప్పట్నుంచి సుబ్బులమ్మ బిందె పెడితే పక్క బిందెలు జరిగేవి. పిల్ల గడప దాటితే కిటికీలు తెరుచుకునేవి. ఎడ్లు అమ్మేసి ఎటన్నా పోదామని తండ్రి గురవయ్య బేరగాళ్లను కూడా పిలిపించాడు.

"చదివిస్తానని గదా తీసకపోతివి?" అంది తులసమ్మ.

"ఆడపిల్లకు చదువేందమ్మా? ఇంట్లో మంచాన పడిన మామ ఉండాడు. ఇల్లు ఎవురు ఊడ్చాల, నేనా?"

"పండక్కన్నా పంపకపోతివే!"

"పంపితే తిరిగొస్తాదా?"

సుబ్బులమ్మ కొంగు నోట్లో కుక్కుకుని గడపలో నిలబడిపోయింది. తలుపు వెనక పిల్ల నీడ కదిలింది. పెద్దమ్మ అటు ఒక్కసారి చూసి గొంతు ఇంకా పెంచింది.

"దాక్కున్నావా? మూడుపూటలా మెక్కి..."

"మూడుపూటలా మెక్కితే ఆ ఎముకలేంది?" అని తులసమ్మ కొంగు దోపింది.

ఆ ఊళ్లో ట్యాంకరు నీళ్లతో కాళ్లు కడుక్కోవాలంటే కొత్తల్లుడై ఉండాలి. అలాంటిది తులసమ్మ నిండు బిందె ఎత్తి ఆ మనిషి నెత్తిన కుమ్మరించింది.

మిగతావాళ్లు నీళ్లు మిగుల్చుకుని తిట్లు పోశారు.

పెద్దమ్మ తడిసిన చీరతోనే ఆటో ఎక్కింది. మలుపు తిరిగేదాకా తిడుతూనే ఉంది.

ఆ సాయంత్రం సుబ్బులమ్మ ఇంటికి ఒకరు జొన్నరొట్టెలు పంపారు, ఒకరు పెరుగు పంపారు. "పాపం, బిడ్డను అరగదీసింది" అన్నారు. పూనా సంగతి మొదట ఎవరు పుట్టించారో తులసమ్మకు ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

గురవయ్య ఎడ్లు అమ్మలేదు.

విశాలాక్షి వెంటనే మామూలు మనిషి కాలేదు. కొత్త మగగొంతు వినబడితే చేతిలోది జారవిడిచేది. వారానికోసారి ఎవరికో ఫోను చేసి, మాట్లాడకుండా వింటూ కూర్చునేది. నెమ్మదిగా పది పాసైంది. కుట్టు నేర్చుకుంది. తులసమ్మ దుకాణం అరుగు మీద పప్పుల డబ్బాలు జరిపించి ఆ పిల్ల మిషనుకు చోటిచ్చింది.

కొన్నేళ్లకు ఒకరోజు ఫోను మోగింది, ఆ మిషను ఆగిపోయింది. పిల్ల ఏడుస్తోంది.

"ఎవురు పోయినారే?"

"బళ్లారి పెద్దమ్మ."

"ఆ రాక్షసికా ఈ ఏడుపు?"

"చూసి రావాల అత్తా. తోడొస్తావా?"

"వస్తా. నిజంగా పోయిందో లేదో నేను గూడా కళ్లారా చూసుకోవాల."

బస్సు గిద్దలూరు చేరగానే దిగుదామంది పిల్ల.

"బళ్లారికి ఇక్కడ దిగేదేంది?"

"ఇక్కడే అత్తా."

సందు చివర పాత పెంకుటిల్లు. వాకిట్లో పాస్టరు ప్రార్థన చేస్తున్నాడు. పెట్టె చుట్టూ అంతా ఆడపిల్లలే. ఒకామె చంకలో బిడ్డ ఉంది. ఒకామె నర్సు బట్టల్లోనే వచ్చింది.

"నీకేమైతాదమ్మా?" నర్సును అడిగింది తులసమ్మ.

"మేనత్త. దర్శిలో మావాళ్లు చెప్పు తీసి తరిమినారు ఈమెను."

"నాకు పిన్ని," అంది బిడ్డతల్లి. "మా చంద్రశేఖరపురంలో పేడనీళ్లు కొట్టినారు."

తులసమ్మ విశాలాక్షిని పక్కకు లాగింది.

"ఇంతమందికి ఎట్ల చుట్టమైందే?"

"ఎవురికీ కాదత్తా. పేరు లీదియమ్మ. పూనా లాంటి చోట్ల పోలీసులు విడిపించిన పిల్లలను తెచ్చి ఈ ఇంట్లో పెట్టుకునేది. నిద్రలో అరిస్తే లేచొచ్చి పక్కన కూచునేది. ఊరికి పంపినాక, వీధిలో మేము మాట పడతా ఉండామని తెలిస్తే..."

"తెలిస్తే?"

"ఆ మాట తను పడేదానికి వచ్చేది."

అడగాలనుకున్న మరో ప్రశ్నను తులసమ్మ మింగేసింది. ఆమె జన్మలో అది మొదటిసారి.

తిరిగి వచ్చేసరికి దుకాణం ముందు నలుగురు కాచుకుని ఉన్నారు.

"ఎవురక్కా పోయింది?"

విశాలాక్షి తల వంచుకుని మిషను దగ్గరికి వెళ్లింది. తులసమ్మ తాళం తీస్తూ ఆ పిల్ల వైపు ఒకసారి చూసింది.

"ఆ బళ్లారి రాక్షసి! మన బిడ్డను ఏడిపించిన ఉసురు ఊరికే పోతాదా?" అని వీధి చివరిదాకా వినబడేలా తిట్టి, లోపలికి పోయి బియ్యం బస్తాల వెనక కూలబడింది తులసమ్మ, కొంగు నోట్లో కుక్కుకుని.