బిగించిన తీగలు

ఇంజనీరుగారు గదిలోకి రాగానే ఆవిడ లేచి నిలబడింది.

కూర్చోమన్నా, ఆయన కూర్చునేదాకా కూర్చోలేదు.

అతి వినయం ధూర్త లక్షణం అనుకున్నాడాయన.

భూకంపం వస్తే ఊళ్లో కరెంటు నిలుస్తుందా లేదా అని పరీక్షించడానికి ఆ సబ్‌స్టేషన్‌కు పై ఆఫీసు పంపిన నిపుణురాలట. ఆయనకన్నా పదిహేనేళ్లు చిన్నది. భూకంప భద్రతకు కొత్తగా ఒక విభాగం పెట్టి, దానికి ఒక పెద్దను వెతుకుతున్నారని ఆఫీసంతా అనుకుంటోంది. ఆ కుర్చీ తనదేనని ఇంజనీరుగారు ఇంట్లో కూడా చెప్పేసుకున్నాడు.

ఇన్ని సబ్‌స్టేషన్లుండగా ముందు ఇక్కడికే వచ్చారేమని అడిగాడు.

"మీ దగ్గరికే పంపమని అడిగి మరీ వచ్చాను సార్."

నా సీటుకు ఎసరు పెట్టడానికన్నమాట అనుకున్నాడు. ఆవిడ ఇంకా ఏదో చెప్పబోతుంటే ఫోను తీసి చెవిన పెట్టుకున్నాడు. అవతల ఎవరూ లేరు.

ఎప్పుడో ట్రైనింగు సెంటర్లో కొన్నాళ్లు పాఠాలు చెప్పడం తప్ప, ఆయన ఉద్యోగమంతా సబ్‌స్టేషన్ యార్డుల్లోనే గడిచింది. యార్డంటే ఆయనకు ప్రాణం. ట్రాన్స్‌ఫార్మర్లూ స్విచ్చులూ వగైరా సామాన్ల మధ్య తీగలన్నీ గీత గీసినట్టు బిగుతుగా ఉంటాయి. వచ్చిన పెద్దలంతా మెచ్చుకునేది అదే. ఆవిడ అదే తప్పంది. భూమి ఊగితే ఒక్కో సామానూ ఒక్కో తీరుగా ఊగుతుందనీ, తీగ బిగుతుగా ఉంటే ఒకదాన్నొకటి లాగి, వాటిని మోసే పింగాణీ స్తంభాలు విరుగుతాయనీ మెల్లగా చెప్పింది. చెబుతూ ఆయన ముఖంలోకే చూసింది.

"వదులు చేస్తే బట్టలారేసే దండెంలా ఉంటుంది" అన్నాడాయన.

ఆవిడ నవ్వింది. ఆ నవ్వు కూడా ఆయనకు నచ్చలేదు.

పై ఆఫీసు ఆవిడ మాటే విన్నది. వారం తిరక్కుండా తీగలన్నీ వదులయ్యాయి. లైన్‌మన్లు మేడమ్, మేడమ్ అంటూ ఆవిడ వెనకే తిరిగారు. ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఎవరో అన్నది చెవిన పడి, ఆ పూట ఆయనకు అన్నం సహించలేదు.

"ఏవండీ, మీ ఆఫీసుకొచ్చిన అమ్మాయి కూరగాయల కొట్టు దగ్గర కనపడింది. మీ ఆరోగ్యం ఎలా ఉందని ఎంత ఇదిగా అడిగిందో" అంది భార్య.

"అడగదా మరి. నేను మంచాన పడితే సీటు ఖాళీ అవుతుందిగా."

ఆవిడ వేరే ఊరు వెళ్లిన మర్నాడే కరెంటు ఆపించి, తీగలన్నీ మళ్లీ బిగించమన్నాడు.

మేడమ్ వద్దన్నారు కదా అని పెద్ద లైన్‌మన్ నసిగాడు.

"ఇక్కడ ఇంజనీరు ఆవిడా, నేనా?"

బిగించారు. యార్డు మళ్లీ ముచ్చటగా కనిపించింది. ఆయన ఆ పూట కడుపునిండా తిన్నాడు.

నెలాఖరులో భూమి కంపించింది. పెద్దదేం కాదు, ఇళ్లలో గిన్నెలు దొర్లాయి. ఆవిడ మాట విన్న పక్క ఊళ్లో దీపం కూడా ఆరలేదు. ఇక్కడ మాత్రం పింగాణీ స్తంభాలు వరసపెట్టి విరిగిపడ్డాయి. ఊరంతా చీకటైంది. ఆసుపత్రిలో ఆపరేషన్లు ఆగిపోయాయి.

విచారణకు పై అధికారి స్వయంగా వచ్చాడు. ఎవరు బిగించమన్నారని అడిగితే లైన్‌మన్లు నేలచూపులు చూశారు.

"నేనే సార్" అన్నాడు ఇంజనీరుగారు. "నా కుర్చీ తన్నుకుపోవడానికి వచ్చిన మనిషి మాట నేనెందుకు వినాలి?"

అధికారి ఫైలు మూశాడు. తర్వాత, కొత్త విభాగం తీసుకోమని ఆవిణ్ణి బతిమాలామనీ, ససేమిరా అందనీ చెప్పాడు. ఇందులో తన తెలివేమీ లేదందట. ఇది తన మాస్టారి పాఠమనీ, ఆ కుర్చీ ఆయనకే దక్కాలనీ పట్టుపట్టిందట. ఆయన పేరిట ఆర్డరు తయారై, సంతకం ఒక్కటే మిగిలిందట. ఇక ఆ సంతకం పెట్టలేనన్నాడు.

ఆ మాస్టారి మీద కూడా ఇంజనీరుగారికి అసూయ పుట్టింది.

"ఎవరు సార్ ఆ మహానుభావుడు?"

"క్లాసంతా పగలబడి నవ్వేసరికి మీరు మళ్లీ ఆ మాటెత్తలేదట గానీ, ట్రైనింగు సెంటర్లో తీగకు వదులుండాలని ఆవిడకు నేర్పింది మీరే."