మాత్ర ఇవ్వని కోడలు

"ఒక్కటివ్వవే తల్లీ! మోకాళ్లు రంపంతో కోస్తున్నట్టుంది."

మంచం మీది నుంచి అత్త చెయ్యి చాపింది. కోడలు నొప్పి మాత్రల డబ్బా బీరువాలో పెట్టి తాళం వేసింది.

"వద్దత్తయ్యా! కడుపులో పుండు పడుతుందట. రక్తం కక్కుకుంటారట."

"అది ఖాళీ కడుపుతో మింగితే కదే. ఇప్పుడేగా అన్నం తిన్నాను?"

"కిడ్నీలు పాడవుతాయి. బీపీ పెరుగుతుంది. మీ మంచికే చెబుతున్నా."

విన్న ఇరుగుపొరుగు, కోడలంటే ఇలా ఉండాలి అనుకున్నారు. భోజనమయ్యాక రోజుకొకటి చొప్పున కొన్నాళ్లు ఇస్తే భయమేమీ లేదని డాక్టరు చెప్పిన సంగతి వాళ్లకేం తెలుసు! డబ్బాలో వచ్చిన కాగితంలో ముసలివాళ్లను బెదిరించడానికి పనికొచ్చే ముక్కల్ని మాత్రమే కోడలు బట్టీ పట్టింది.

పగంటే అలాంటిది మరి. కూతురు కడుపులో ఉన్నప్పుడు, నెలలు నిండుతున్న రోజుల్లో, నడుం విరిగిపోతోందని ఏడుస్తూ ఇలాంటి మాత్రే నోట్లో వేసుకోబోతే, అత్త లాక్కుని కాలవలో పారేసింది. "ఓర్చుకో" అన్న ఒక్క మాట తప్ప ఇంకేమీ అనలేదు. గోడకానుకుని ఆ నొప్పిని పంటి బిగువున భరించింది కోడలు. అత్తకో కాలం, కోడలికో కాలం. ఇప్పుడు తాళంచెవి తన కొంగున ఉంది. మంచం మీది మూలుగు వింటుంటే ఆమెకు ప్రాణం హాయిగా ఉంది.

ఆ సాయంత్రం నిండుచూలాలైన కూతురు ఆపసోపాలు పడుతూ వచ్చి కుర్చీలో కూలబడింది.

"అమ్మా, నడుం పోతోందే. మాత్రేమైనా ఉందా?"

"నీకు లేకపోవడమేంటి బంగారం!"

కోడలు బీరువా తెరిచింది. పుండు మీద కారం చల్లినట్టు, అత్త కళ్లెదుటే మాత్ర తీసి కూతురి చేతిలో పెట్టింది.

అంతే! ఒకరు పట్టుకుంటే తప్ప కదలలేని ముసలావిడ మంచం దిగి, గోడ పట్టుకుని, పడుతూ లేస్తూ వచ్చి, మనవరాలి చేతిలోని మాత్రను కొట్టి పారేసింది.

కోడలికి ఒళ్లు మండిపోయింది. "ఆనాడు నాకు దక్కనివ్వలేదు, ఇవాళ దీనికీనా? మీకేం పాపం చేశాం?"

అత్త నేల మీద కూలబడింది.

"అసలే భయస్తురాలివి, చెబితే హడలిపోతావని ఆనాడు నోరు మూసుకున్నానే," అంది రొప్పుతూ. "నెలలు నిండాక ఇది మింగితే కడుపులో బిడ్డ గుండెకే ముప్పట!"