పదిహేడో పేజీ

క్లాసులో నలభై ఇద్దరు. నలభై ఒక్కరికి ఇరవై దాటలేదు. మిగిలిన ఒక్కడికి అరవై ఏడు.

అందరూ అతన్ని పెద్దాయన అనేవాళ్ళు. నేరాలు, చట్టాలు, కోర్టుల మీద మూడేళ్ళ డిగ్రీ అది. "పాసయ్యాక మనకి ఉద్యోగాల్లో పోటీకొస్తాడేమోరా!" అని కుర్రాళ్ళు చాటుగా నవ్వుకునేవాళ్ళు. పెద్దాయన విననట్టే ఉండేవాడు.

దరఖాస్తులో అతను స్కూలు చదువు వరకే రాశాడు. వృత్తి అన్న చోట అడ్డగీత గీశాడు.

"ఈ వయసులో ఈ చదువు దేనికండీ?" అని మొదటిరోజే అడిగారు మాస్టారు.

"ఒక సంగతి అర్థంకాక ఆగిపోయానండి" అన్నాడు పెద్దాయన.

ఆ ఊళ్ళో అతనికి తెలిసినవాళ్ళు లేరు. కాలేజీ వెనక వీధిలో మేడమీద గది. ఒక మంచం, ఒక కుర్చీ, ఒక గ్లాసు. ఫోను మోగేది కాదు. ఆదివారం గడవడమే గగనమయ్యేది. సోమవారం తెల్లారగానే తయారై, తాళం తీసేవేళకే వచ్చి చివరి బెంచీలో కూర్చునేవాడు. పక్కన ఎవరూ కూర్చునేవాళ్ళు కాదు.

ఒక్క లేటమ్మ తప్ప. రోజూ ఆలస్యంగా వచ్చే అమ్మాయికి క్లాసు పెట్టిన పేరది. ఎప్పుడొచ్చినా ఖాళీగా ఉండేది ఆ చోటొక్కటే. మొదట గత్యంతరం లేక కూర్చుంది. తర్వాత అలవాటైపోయింది. "తాతగారూ, నిన్నటి నోట్సు ఇవ్వరూ!" అనేది. ఆ రోజుకి అతనితో మనిషన్నవాళ్ళు మాట్లాడిన మాట తరచూ అదొక్కటే.

రెండో నెలలో అందరినీ కోర్టు చూపించడానికి తీసుకెళ్ళారు. జడ్జి లోపలికి రాగానే హాలంతా లేచింది. పెద్దాయన లేవలేదు. లేటమ్మ అతని చొక్కా పట్టి లాగితే ఉలిక్కిపడి నిలబడ్డాడు. విచారణ సాగినంతసేపూ అతని చూపు బోను మీదే ఉంది. అందులో నిలబడ్డ మనిషిని రెప్పవేయకుండా చూస్తూనే ఉన్నాడు.

"ఈయనకి కోర్టు కొత్త కాదురోయ్" అని కుర్రాళ్ళు చెవులు కొరుక్కున్నారు. ఆ మర్నాటి నుంచి అతని ముందున్న బెంచీ కూడా ఖాళీ అయింది.

తర్వాతి వారం మాస్టారు పేర్లు కొట్టేసిన పాత తీర్పు ఒకటి అందరికీ పంచారు. ఇస్త్రీ దుకాణంలో పనివాడొకడు యజమానిని చంపాడన్న కేసు. యావజ్జీవం పడింది. తొమ్మిదేళ్ళ తర్వాత అసలు హంతకుడు దొరికాడు.

"ఆ పనివాడు ఏమయ్యాడు సార్?"

"ఈ కాగితాల్లో లేదు. మీరు చూడాల్సింది వేరే ఉంది. ఈ తీర్పు ఎక్కడ దారి తప్పిందో పట్టుకోండి."

గంటసేపు ఎవరికీ అంతుపట్టలేదు. పెద్దాయన కాగితాలు తెరవనే లేదు. వాటిమీద చెయ్యి వేసి కూర్చున్నాడు.

క్లాసు అయిపోయి అందరూ వెళ్ళాక లేటమ్మ ఒక్కసారిగా బెంచీ మీద చరిచింది.

"దొరికింది తాతగారూ! పదిహేడో పేజీ చూడండి. నెత్తుటి చొక్కాతో వీడు నా బస్సెక్కాడని కండక్టరు చెప్పాడా? ఆ బస్సు ఆ రోజు చక్రాలు ఊడదీసి షెడ్డులో ఉందని మెకానిక్ చెప్పాడు. దాన్ని జడ్జిగారు ఒక్క ముక్కలో కొట్టిపారేశారు. 'ఈ సాక్ష్యం అంత ముఖ్యమైనది కాదు' అట! భోజనం వేళ అయిందేమో మహానుభావుడికి!"

పెద్దాయన ఆ వాక్యం మీద వేలుపెట్టి చదివాడు. మళ్ళీ చదివాడు.

"ఎన్నిసార్లు చదివానమ్మా" అన్నాడు చివరికి. "ప్రతిసారీ దీన్ని దాటి వెళ్ళిపోయాను."

"ముందే చదివారా?"

"పదేళ్ళుగా చదువుతూనే ఉన్నాను. ఎవరి తప్పూ లేదు, అలా జరిగిపోయిందన్నారు అందరూ. ఇంట్లోవాళ్ళూ అదే అన్నారు. నాకు మనసొప్పలేదు. మాస్టారు ఏటా ఈ కేసే చెబుతారని విని, ఇక్కడికొచ్చి చేరాను."

లేటమ్మకి కోర్టులో అతని చూపు గుర్తొచ్చింది. వృత్తి దగ్గర గీసిన గీత గురించి క్లాసంతా చెప్పుకున్నది గుర్తొచ్చింది. ఆ అమ్మాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అతని చెయ్యి పట్టుకుంది. ఎన్నేళ్ళయిందో ఆ చేతిని ఒకరు పట్టుకుని.

"తొమ్మిదేళ్ళు..." అంది. "ఆ ఇస్త్రీ దుకాణం మనిషి మీరేనా తాతగారూ?"

పెద్దాయన తన చేతిని మెల్లగా వెనక్కి తీసుకున్నాడు.

"అతను జైల్లోనే పోయాడమ్మా, ఆ ఒక్క ముక్క రాసి అతన్ని పంపింది నేను."