పక్కచూపు

“డ్రైవరుగారూ, లోపలికి రండి.”

నర్సు పిలవగానే బెంచీ మీదున్న అన్నదమ్ములిద్దరూ ఒకేసారి లేచారు.

“ఇద్దరూ కాదండీ, పేషెంటు ఒక్కరే,” నర్సు నవ్వింది.

అన్న మళ్లీ కూలబడ్డాడు. తమ్ముడు చేతిలోని చీటీ ఆమెకిచ్చాడు. అది కళ్లజోళ్ల షాపాయన రాసిన చీటీ. కొత్త అద్దాలకని వెళ్తే ఆయన కంట్లో ప్రెషర్ చూసి, ‘బస్సు డ్రైవర్. కుడికన్ను. గ్లకోమా అనుమానం. పరీక్షించగలరు’ అని రాసి ఈ ఆసుపత్రికి పంపాడు.

ఇక్కడి పద్ధతే అంత. అనుమానం పట్టేది షాపాయన, తేల్చేది డాక్టరు. తేలాక మందు ఆసుపత్రి రాస్తుంది, నాలుగు నెలలకోసారి ప్రెషర్ మళ్లీ షాపాయనే చూస్తాడు. ఇద్దరి మధ్యా కాగితాలు తిరుగుతుంటాయి.

ఈరోజు డాక్టరు బాగానే ఉందంటే సరేసరి. లేదంటే డిపోలో స్టీరింగ్ ముట్టుకోనివ్వరు. రెండు కాపురాలు ఆ ఒక్క జీతం మీదే నెట్టుకొస్తున్నాయి. అందుకే అన్నదమ్ములకి పొద్దున్నుంచి పచ్చి మంచినీళ్లు కూడా గొంతు దిగలేదు.

“భయపడకురా,” అన్న గొంతు తగ్గించి అన్నాడు. “నీ కళ్లకేం? చీకట్లో సూదిలో దారం ఎక్కిస్తావు.”

“నా భయం కళ్ల గురించి కాదులే,” అని తమ్ముడు లోపలికి వెళ్లాడు.

గదిలో వెలుతురు తక్కువగా ఉంది. నర్సు అతని ఎడమకన్ను మూసి, గడ్డం మిషన్‌కి ఆనించమంది.

“మధ్యలో ఉన్న దీపాన్నే చూడండి. పక్కన ఎక్కడ చుక్క మెరిసినా బటన్ నొక్కండి. అంతే.”

కుడికన్ను పరీక్ష చిటికెలో అయిపోయినట్టనిపించింది. పైనా కిందా చుక్కలు మెరుస్తూనే ఉన్నాయి, అతను నొక్కుతూనే ఉన్నాడు. ఇదేనా, దీనికేనా ఇంత హడలిపోయాం అనుకున్నాడు.

నర్సు కన్ను మార్చింది. ఒక చుక్క మెరిసింది. నొక్కాడు. మరోటి ఎంతకీ రాలేదు.

“మిషన్ ఆగిపోయిందాండీ?”

“లేదండీ, నడుస్తోంది. చూస్తూ ఉండండి.”

బటన్ మీద అతని వేలు ఊరికే ఉండిపోయింది.

అరగంట తర్వాత డాక్టరమ్మ ఇద్దర్నీ పిలిచింది. కంట్లో మందు వేసి, లైటుతో లోపలంతా చూసింది.

“డ్రైవింగ్ ఎన్నేళ్లు?”

తమ్ముడు అన్న వైపు చూశాడు.

“ఇరవై రెండేళ్లండీ,” అన్న అందుకున్నాడు.

“మిమ్మల్ని కాదు, ఆయన్నడుగుతున్నాను.”

“ఇరవై రెండేళ్లండీ,” తమ్ముడు అప్పజెప్పాడు.

ఆమె పరీక్ష కాగితం వాళ్ల వైపు తిప్పింది. “ఈ నల్లగా ఉన్నచోటల్లా ఎడమకంటికి కనబడటం లేదు. పక్కచూపు సగం పోయింది. నొప్పి ఉండదు, ఎదురుగా ఉన్నది బాగానే కనిపిస్తుంది, అందుకే ఎవరికీ తెలియదు. పోయింది రాదు. మిగిలింది కాపాడుకోవాలి.”

“నాకా?” అన్నాడు తమ్ముడు.

“మీకే. ఇంకెవరికి?”

అన్న ఆ కాగితం చేతిలోకి తీసుకున్నాడు.

“ఇంకోసారి చూడండి డాక్టరుగారూ.”

“రెండుసార్లు చూశాను. అర్థంకానిది ఒక్కటే. చీటీలో కుడికన్ను అని ఉంది, ఆ కన్ను నిక్షేపంలా ఉంది. షాపాయన కుడిఎడమలు తారుమారు చేసి ఉంటాడు.” ఆమె ‘కుడి’ కొట్టేసి ‘ఎడమ’ అని రాసింది. “బస్సు నడపడం మాత్రం ఈరోజుతో ఆపేయాలి. డిపోలో కూర్చునే పని ఇమ్మని ఉత్తరం ఇస్తాను. జీతం తగ్గదు.”

జీతం మాట వినగానే తమ్ముడికి ప్రాణం లేచొచ్చింది. “రాసివ్వండి డాక్టరుగారూ.”

“రోజూ ఈ చుక్కల మందు మానకూడదు. నాలుగు నెలలకోసారి షాపాయన ప్రెషర్ చూసి నాకు రాస్తాడు. పెరిగితే వెంటనే ఆపరేషన్. ఆయన చూడకపోతే మాత్రం రెండేళ్లలో ఈ కన్ను పూర్తిగా పోతుంది. మిమ్మల్ని ఎరిగినాయనే కాబట్టి ఇబ్బంది లేదు.”

ఆమె డిపోకి ఉత్తరం రాయడం మొదలుపెట్టింది.

అన్న లేచి నిలబడ్డాడు. తమ్ముడు అతని చొక్కా పట్టుకుని గుంజాడు.

“అన్నయ్యా, కూర్చో. నీకు దణ్ణం పెడతాను.”

అన్న ఆ చెయ్యి విడిపించుకున్నాడు. కళ్లనీళ్లు ఆగడం లేదు.

“డాక్టరుగారూ, బస్సు నడిపేది నేను. ఆ షాపాయన చూసింది నా కన్ను.”