బల్ల ఆదివారానికి ముందురోజు

"నవల్లో హీరో స్నేహితుణ్ణి నలుగుర్లో అవమానించినాడమ్మా. చేసిన పనికి సిగ్గుపడి ఆ హీరోనే ఏళ్ల తరబడి మొహం చాటేసినాడు. సిగ్గే అతన్ని మార్చింది," అంటూ కాలేజీకి రాసిన వ్యాసాన్ని లిల్లీ వివరించింది.

రొయ్యలు వలుస్తున్న తల్లి ఎస్తేరమ్మ నవ్వింది. "దాక్కున్నన్నాళ్లూ ఏం మారినాడే? చర్చి క్వయర్లో అందరి ముందూ ఎదురింటి ఏంజెలిన్‌ది కప్పగొంతన్నావు. అప్పట్నుంచి ప్రభువు రొట్టె పంచే బల్ల ఆదివారమైతే నీకు తలనొప్పి వస్తా ఉంది. మనసులో తప్పు పెట్టుకుని ఆ రొట్టె ముట్టకూడదనే గదా? రేపూ నొప్పేనా?"

లిల్లీ కాగితాలు వదిలేసి ఎదురింటికి పరుగెత్తింది. గడప దగ్గర కాళ్లు ఆగినా నోరు ఆగలేదు.

"తప్పైపోయింది మే. రేపు నా పక్కన నిలబడి పాడవా?"

ఏంజెలిన్ మొహం తిప్పుకోబోయి, ఆపుకోలేక పక్కున నవ్వింది. "నీది కాకిగొంతు. కప్పా కాకీ కలిసి పాడితే పాస్టరుగారు పారిపోతారు మే!"