రత్నకుమారి గారి కొత్త కంప్యూటర్

రత్నకుమారి గారి యాప్‌ను కాజేయాలని ఈశ్వరప్రసాద్ నిర్ణయించుకునే సరికి, ఆవిడ వడ్డించిన రెండో పెసరట్టు ఇంకా అతని ప్లేట్లోనే ఉంది.

పాపం, అతని అవసరం అలాంటిది. కంపెనీ సాగనంపిన సంగతి చెప్పుకోలేక, స్టార్టప్ పెట్టానని సిడ్నీలో తాముండే రౌస్ హిల్ అంతా చాటాడు. కార్తీక వనభోజనాల్లో యాప్ చూపిస్తానని మాట కూడా ఇచ్చేశాడు. భార్య శ్రావ్య అది నమ్మి, మెట్రోలో కనబడిన ప్రతి తెలుగు మనిషికీ చెప్పింది. తీరా చూస్తే యాప్ సంగతి అటుంచి, దేని మీద చెయ్యాలో కూడా తట్టడం లేదు. మిగిలింది పరువొక్కటే, అదీ కార్తీకం దాకానే.

అలాంటి సమయంలో పెండిల్ హిల్ నుంచి రత్నకుమారి గారు టిఫినుకు పిలిచారు. ఆవిడ ఈ మధ్యే బ్యాంకు ఉద్యోగం నుంచి రిటైరయ్యారు.

“తలా ఒక వంటకం తెచ్చుకునే మన పాట్‌లక్‌లు చూస్తున్నావుగా నాయనా. ఎవరింటికెళ్ళినా గిన్నె మూత తీస్తే పులిహోరే. ఎవరేం తెస్తున్నారో ముందే ఫోన్లో కనబడాలి. రెండోవాళ్ళు కూడా పులిహోర అంటే, వద్దమ్మా, పప్పు చేసుకురా అని అదే చెప్పాలి. ఈ మాట ఎవరికీ చెప్పకు, కొట్టేస్తారు. నేనే నేర్చుకుని రాసుకుంటాను. ఏ కంప్యూటర్ కొనాలో చెప్పి, కాస్త సెటప్ చేసిపెట్టు, చాలు.”

“ఛ, నేనెందుకు చెప్తాను ఆంటీ,” అన్నాడు ప్రసాద్. అన్నాడే గాని, మనసు అప్పుడే వనభోజనాలకి వెళ్ళిపోయింది.

ఆ శనివారమే ఆవిణ్ణి షాపుకి తీసుకెళ్ళాడు.

“విండోస్ ల్యాప్‌టాప్ సరిపోదా?”

“దాంట్లో ఆండ్రాయిడ్ ఫోన్లకైతే చెయ్యొచ్చు ఆంటీ. ఐఫోన్‌కి కూడా కావాలంటే మ్యాక్ ఉండాల్సిందే. మెమరీ ఎక్కువున్నది తీసుకోండి. మీరు రాసింది చూసుకోడానికి స్క్రీన్ మీదే ఉత్తుత్తి ఫోన్ ఒకటి తెరుచుకుంటుంది. అది మెమరీని తెగ తినేస్తుంది.”

“తిననీలే. మనింట్లో ఎవరు తిన్నా వద్దన్నామా?”

మ్యాక్ ఇంటికొచ్చింది. కావలసిన సాఫ్ట్‌వేర్లన్నీ ప్రసాద్ శ్రద్ధగా ఎక్కించాడు. చివర్లో, ఆవిడ కాఫీకి లోపలికెళ్ళినప్పుడు, ఒక ఫోల్డర్ పెట్టాడు. అందులో ఆవిడ ఏం రాసినా ఆ క్షణమే రౌస్ హిల్‌లో అతని ల్యాప్‌టాప్‌లోకి వచ్చి పడుతుంది.

“ఇదేంటి నాయనా?” అంది ఆవిడ కప్పు అందిస్తూ.

“బ్యాకప్ ఆంటీ. మీ పని ఎక్కడికీ పోకుండా.”

“పోకపోతే అంతే చాలు,” అంది ఆవిడ, చాలా సంతోషంగా.

మర్నాటి నుంచి సరుకు దిగడం మొదలైంది. చూసి ప్రసాద్ తల పట్టుకున్నాడు. అంత ఘోరమైన కోడ్ అతను ఉద్యోగంలో చేరిన కొత్తలో తను రాసింది తప్ప మరెక్కడా చూడలేదు. పులిహోర నొక్కితే సాంబారు వస్తోంది. సాంబారు నొక్కితే మొత్తం ఆగిపోతోంది. కాజేసేది కాస్త మంచి సరుకైనా కాదే అని అతనికి నిజంగానే ఏడుపొచ్చింది.

విసుక్కుంటూనే తన ల్యాప్‌టాప్‌లోని ఆ ఫోల్డర్లోనే ఒక్కొక్కటీ బాగుచేశాడు. సరిచేసిన వాటి జోలికి ఆవిడ మళ్ళీ రాలేదు, మర్చిపోయిందనుకున్నాడు. రోజూ కొత్త పేజీ మొదలుపెట్టేది. మధ్యలో తనకు తనే రాసుకున్నట్టు, ‘ఇక్కడ కారం ఎంతో మిరపకాయలతో చూపిస్తే బావుణ్ణు, నాకు చేతకావడం లేదు’ అని తెలుగులో రాసేది. ప్రసాద్ కూర్చుని మిరపకాయలు గీసేవాడు.

“ఆఫీసుకెళ్ళేటప్పుడు ఇంత పని ఎప్పుడూ చెయ్యలేదుగా మీరు,” అంది శ్రావ్య, కాస్త గర్వంగానే.

వనభోజనాలు పారమట్టా పార్కులో. యాప్ సిద్ధంగా ఉంది. అందరికీ చూపించి, సాయంత్రం తన పేరుతో యాప్ స్టోర్లో పెట్టేయడమే తరువాయి. జేబులో ఫోన్ తడుముకుంటూ భోజనాల బల్లల దగ్గరికొచ్చిన ప్రసాద్‌కు, అన్ని గిన్నెల మధ్య పులిహోర గిన్నె ఈసారి ఒక్కటంటే ఒక్కటే కనిపించింది.

“ఆంటీ యాప్ ఇంకా పెట్టుకోలేదా?” అన్నాడు తెలుగు సంఘం సెక్రటరీ హేమచంద్ర, తన ఫోన్ చూపిస్తూ. “మొన్ననే స్టోర్లోకి వచ్చింది.”

అవే రంగులు. అవే బటన్లు. అవే మిరపకాయలు. ఇది నాది అని అరవాలనిపించింది. కానీ నీ దగ్గరికెలా వచ్చిందని అడిగితే ఏం చెప్తాడు?

“అవునూ, మీ స్టార్టప్ ఏదో చూపిస్తానన్నారు?” అన్నాడు హేమచంద్ర. శ్రావ్య ఆశగా మొగుడి వైపు చూసింది. ప్రసాద్ జేబులోని ఫోన్‌ను ఇంకాస్త లోపలికి తోశాడు.

“ఇదేనమ్మా ఆ స్టార్టప్,” అంటూ రత్నకుమారి గారు మధ్యలోకి వచ్చారు. “మొత్తం ప్రసాదే చేసిపెట్టాడు. ఒక్క డాలరైనా తీసుకోలేదు.”

అందరూ చప్పట్లు కొట్టారు. శ్రావ్య మొహం వెలిగిపోయింది. ప్రసాద్ మాత్రం చెమటలు తుడుచుకుంటూ ఆవిణ్ణి పక్కకి తీసుకెళ్ళాడు.

“నేను బాగుచేసింది మీ దగ్గరికెలా వచ్చింది ఆంటీ?”

“ఆ ఫోల్డర్ నీ వైపు మాత్రమే వెళ్ళేట్టు పెట్టావు. నువ్వు గేటు దాటగానే ఇటు కూడా వచ్చేట్టు ఇంకో టిక్కు పెట్టాను.”

“అంటే మీకు మొదటి నుంచీ తెలుసా?”

ఆవిడ పులిహోర వడ్డించిన ప్లేటొకటి అతని చేతిలో పెట్టారు.

“యాప్ చేసిపెట్టమని ఇక్కడ తిరగని గడప లేదు నాయనా, అందరూ చూద్దాం ఆంటీ అన్నవాళ్ళే. అందుకని ఈసారి, ఎవరికీ చెప్పకు, కొట్టేస్తారు అని చెప్పి చూశాను.”