నాలుగో ఆదివారం

“పోలీసులొస్తున్నారే! పరిగెత్తండి!”

గోల్ దగ్గర నుంచి హెడ్విగ్ వేసిన కేకకి పచ్చజెర్సీల ఆడవాళ్ళంతా బట్టలమూటలు చంకన పెట్టుకుని కాలికి బుద్ధి చెప్పారు. అవతలి ఊరి జట్టయితే అప్పటికే బస్సెక్కేసింది. కదలకుండా నిలబడింది ఇద్దరే: కెప్టెన్ ఇర్మా, మాంసం కొట్టు హెడ్విగ్.

“మళ్ళీ మీరేనా తల్లీ?” అన్నాడు ముసలి పోలీసు, సైకిలు దిగి రొప్పుతూ. “ఆడవాళ్ళకి మైదానం ఇవ్వకూడదని ఫుట్‌బాల్ సంఘం రూలు. నేనేం చెయ్యను? ఇళ్ళకి పొండి.”

“ఈ బొగ్గుగుట్ట వెనకాల ఆడుతున్నామని మీ చెవిన వేసిన పుణ్యాత్ముడెవడు?” అంది హెడ్విగ్.

“వాడు కాదు, ఆవిడ. ఫోన్లో ఆడగొంతే. పేరు చెప్పలేదు.”

అది 1957. జర్మనీలోని రూర్ బొగ్గుగనుల ఊళ్ళలో మగాడు బంతిని తంతే వీరుడు, ఆడది తంతే సిగ్గుమాలినది. అందుకే ఆట ఎక్కడో శనివారం పొద్దుగూకాక గానీ ఒకరికొకరు చెప్పుకునేవారు కాదు. అయినా మూడు ఆదివారాలు, మూడు మైదానాలు, మూడుసార్లూ అరగంట గడవకుండానే పోలీసులు దిగారు.

వచ్చే ఆదివారం అలా జరగడానికి వీల్లేదు. మ్యూనిక్‌లో హాలండు ఆడవాళ్ళతో ఆడటానికి జర్మనీ జట్టును కూరుస్తున్న బ్రోయర్ గారు ఆ రోజు ఈ ఊరొస్తున్నాడు. ఇక్కడి నుంచి తీసుకునేది గోలు కొట్టే ఒక్క ఫార్వర్డునే. ఇర్మాకు ముప్పైఒకటి నిండాయి. యుద్ధం అయిపోయిన ఏడు, కూలిన ఇళ్ళ మధ్య అన్న బూట్లు తొడుక్కుని మొదలెట్టిన ఆట. పగలంతా బట్టలుతికే కొట్లో ఇస్త్రీ, సాయంత్రం మోకాళ్ళకు చన్నీళ్ళ పట్టీలు. ఈ మ్యూనిక్ తప్పితే ఆమెకు ఇంకో మ్యూనిక్ లేదు.

“ఇంటిదొంగని దేవుడు కూడా పట్టలేడంటారు. నేను పడతా,” అంది హెడ్విగ్, ఆ రాత్రి కొట్లో కత్తి నూరుతూ. “ఆ లోట్టే మీదే నా అనుమానం.”

“ఛ, పంతొమ్మిదేళ్ళ పిల్ల!”

“వాళ్ళ నాన్న ఎవరు? ఆ దిక్కుమాలిన సంఘానికి సెక్రటరీ!”

“ఆట మానమంటే మాననందని ఆయనే కదే దాన్ని ఇంట్లోంచి గెంటింది? బేకరీ అటక మీద పడుకుంటోంది, పాపం.”

“నీ మంచితనమే నీ కొంప ముంచుతుంది. అది రాగానే నీ సెంటర్‌ఫార్వర్డు చోటు దానికిచ్చి పక్కకి జరిగావు. రెండు కాళ్ళతోనూ కొడుతుందని ఊరంతా దాని భజనే. ఇప్పుడిలా చెయ్యి. గురువారం ఆరింటికి పాత ఇటికల బట్టీ దగ్గర ప్రాక్టీసు అని దానికొక్కదానికే చెప్పు. మిగతావాళ్ళని చోటు చెప్పకుండా నేనే గోడ వెనక్కి తీసుకొస్తా. పోలీసులొచ్చారో, దొంగ దొరికినట్టే.”

“నువ్వంటున్నావు కాబట్టి చెబుతా,” అంది ఇర్మా.

గురువారం చినుకులు పడుతున్నాయి. లోట్టే ఐదున్నరకే వచ్చేసింది. బంతిని ఒక కాలి మీది నుంచి ఇంకో కాలి మీదికి ఎగరేసుకుంటూ, తనలో తను నవ్వుకుంటూ ఒక్కతే ఆడుకుంటోంది. ఆరు కొట్టకముందే ముసలి పోలీసు సైకిలు వచ్చి ఆగింది.

“పాపిష్టిదానా!” గోడ వెనక నుంచి హెడ్విగ్ దూకింది. ఆమె వెనకే అందరూ. పోలీసు ఈ రగడ మనకెందుకని వచ్చినదారినే పోయాడు.

“నేను ఎవరికీ చెప్పలేదు! మా అమ్మమీద ఒట్టు!”

“నీకు తప్ప ఎవరికీ తెలీదే ఈ చోటు! మీ నాన్న ఎంతిస్తున్నాడు?”

లోట్టే ఇర్మా చెయ్యి పట్టుకుంది. “కెప్టెన్, మీరైనా చెప్పండి. ఈ ఆట కోసం ఇల్లొదులుకున్నాను. నాకు మీరు తప్ప ఎవరున్నారు? ఆదివారం ఒక్కసారి ఆడనివ్వండి, తర్వాత చంపేసినా సరే.”

ఇర్మా ఆ చేతిని మెల్లగా విడిపించుకుంది.

“జెర్సీ విప్పు,” అంది.

“ఇక్కడా? వానలో?”

“అది జట్టుది. విప్పి ఇచ్చి పో.”

పిల్ల విప్పింది. లోబనీను మీద కోటు కప్పుకుని, ఏడుపు ఆగక ఎక్కిళ్ళు పెడుతూ బురదలో నడిచి వెళ్ళిపోయింది. ఒకామె జాలిపడి అడుగు ముందుకేస్తే హెడ్విగ్ రెక్క పట్టుకుని ఆపింది. శనివారానికల్లా లోట్టే ఊళ్ళోనే లేదని బేకరీ ఆవిడ చెప్పింది. ఎక్కడికి పోయిందో ఎవరూ వాకబు చేయలేదు. పీడా వదిలిందనుకున్నారు.

ఆదివారం బ్రోయర్ గారు గొడుగేసుకుని గీత పక్కనే నిలబడ్డాడు. సెంటర్‌ఫార్వర్డుగా ఇర్మా దిగింది. అరగంట గడిచింది, గంట గడిచింది, ఏ సందులోంచీ సైకిలు రాలేదు. డెబ్బయ్యో నిమిషంలో ఇర్మా కొట్టిన గోలు అంత గొప్పదేమీ కాదు గానీ, గోలే.

“ఇక్కడో చిన్నపిల్ల రెండు కాళ్ళతోనూ కొడుతుందని విన్నాను. ఏదీ?” అన్నాడాయన ఆటయ్యాక.

“పోలీసులకి మా కబుర్లు మోస్తోందని పంపించేశామండీ,” అంది ఇర్మా.

“అయ్యో!” అని నాలుక చప్పరించి, కాగితం మీద ఇర్మా పేరు రాసుకున్నాడు. “మ్యూనిక్‌లో చలి ఎక్కువ, మంచి కోటు తెచ్చుకోండి.”

హెడ్విగ్ పరిగెత్తుకొచ్చి ఆమెను వాటేసుకుంది. కళ్ళనిండా నీళ్ళు.

“చూశావుటే? దాన్ని గెంటాం, ఒక్క పోలీసు రాలేదు! నేను చెప్పలేదూ?”

“నువ్వే చెప్పావు హెడ్విగ్. అంతా నీ చలవే.”

ఈ ఆదివారం ఇర్మా ఫోను చేయలేదు.